డాలస్ ఎంత దూరం?

తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ మోగిందంటే అది మంచి కబురు కాదని మనందరికీ తెలుసు. 2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం అలాగే మోగింది. పిడుగురాళ్ల నుంచి. పెద్దమ్మ పోయింది.

హైదరాబాద్‌లో బయల్దేరి ఇంటికి చేరేసరికి పదిన్నర అయింది. వీధిలో షామియానా వేశారు. అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో పెద్దమ్మ నిద్రపోతున్నట్టే ఉంది. సున్నపు బట్టీల వైపు నుంచి వచ్చే తెల్లటి దుమ్ము రోజూలాగే ప్లాస్టిక్ కుర్చీల మీద పలచగా పేరుకుంటోంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలను ఎవరు ఎత్తాలో పాలేరు వచ్చి అడుగుతున్నాడు. పెదనాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఏడవలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు.

‘‘పేపర్లో పనిచేస్తున్నావు గదా. డాలస్ ఎంత దూరమో చెప్పు. మావాడు ఎప్పటికి చేరతాడు?’’

షామియానా కింద అప్పటికే ఆ విషయం మీద పెద్ద చర్చ నడుస్తోంది. అమెరికా అంటే పదహారు గంటలేగా అన్నాడొకాయన. ఆయన మేనల్లుడు షికాగోలో ఉంటాడట. కాదు, ఇరవై నాలుగు గంటలు అన్నాడు ఇంకొకాయన. మూడు రోజులు లేనిదే రాలేరు, మా వియ్యంకుడి వాళ్లింట్లో చూశాం కదా అంది ఒక పెద్దావిడ. ఎవరి లెక్క వాళ్లకు కరెక్టే. కానీ ఆ ఇంటికి ఆ పూట కావలసింది ఒకే ఒక్క లెక్క. కొడుకు ఒక్కడే. తలకొరివి పెట్టాల్సింది వాడే. శవం లేచేదాకా ఇరుగుపొరుగు ఇళ్లలో పొయ్యి వెలిగించకూడదనే పట్టింపు ఆ వీధిలో ఇంకా ఉంది. ‘‘ఎదురుచూడటం ఎందుకు? పొద్దుగూకేలోపు కానిచ్చేద్దాం. అల్లుడు ఉన్నాడు గదా’’ అని పెద్దలు నలుగురు అప్పుడే గొంతు సవరించుకుంటున్నారు.

కాగితం కోసం వెతికితే సున్నం లారీ తూకం వేసిన కాటా చీటీ ఒకటి దొరికింది. దాని వెనక లెక్క మొదలుపెట్టాను. ఆ లెక్కే ఈ వారం మన ముచ్చట.

దారంతో కొలిస్తే...

ముందు దూరం. గోడకు తగిలించిన ప్రపంచ పటం చూస్తే మన దేశం కుడిపక్కన, అమెరికా ఎడమపక్కన ఉంటాయి. కాబట్టి అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటూ పడమటికి వెళ్లాలని అనుకుంటాం. అసలు దారి అది కాదు.

నల్గొండ రోడ్డు పక్కన బత్తాయిలు అమ్ముతారు కదా, ఒక కాయ తీసుకోండి. తొడిమ ఉన్నచోటు ఉత్తర ధ్రువం అనుకోండి. తొడిమకూ కాయ నడుముకూ మధ్య, కాస్త నడుముకు దగ్గరగా పెన్నుతో ఒక చుక్క పెట్టండి. అది పిడుగురాళ్ల. కాయను తిప్పి సరిగ్గా వెనకవైపు, తొడిమకు ఇంకొంచెం దగ్గరగా మరో చుక్క పెట్టండి. అది డాలస్. ఇప్పుడు రెండు చుక్కల మధ్య పత్తి దారం బిగించి లాగండి. దారం కాయ నడుము చుట్టూ తిరగదు. తిన్నగా తొడిమ పక్కనుంచి పోతుంది!

పిడుగురాళ్ల దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భూగోళం మీద దానికి సరిగ్గా అవతలి గీత 100 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. డాలస్ 97 డిగ్రీల దగ్గర ఉంది. అంటే మూడే మూడు డిగ్రీల తేడా. మనకు పట్టపగలైతే వాళ్లకు నడిరాత్రి కావడానికి కారణం ఇదే. ఈ రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి పడమరకూ కాదు, తూర్పుకూ కాదు... నేరుగా ఉత్తరానికి. నాగపూర్ పక్కగా బయల్దేరి హిమాలయాలు, టిబెట్ పీఠభూమి దాటి, సైబీరియా మంచుమైదానాల మీదుగా ఉత్తర ధ్రువానికి నాలుగు వందల కిలోమీటర్ల లోపు నుంచి వెళ్లి, అవతల కెనడా మీదుగా దిగితే టెక్సస్. మొత్తం సుమారు 14,500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి అయితే సుమారు 14,400.

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి అది పదహారు గంటల పని. షామియానా కింద మొదటి పెద్దాయన చెప్పిన లెక్క ఇదే. కాకితో కబురంపితే కాకి వెళ్లే దారి. విమానానికి మాత్రం ఆ దారి అంత తేలిగ్గా దొరకదు.

దారి ఎందుకు వంకర?

మొదటి అడ్డు కొండలు. విమానం పది కిలోమీటర్ల ఎత్తున పోతుంటే కింద టిబెట్ ఉంటే ఏంటట? మామూలుగా ఏమీ లేదు. కానీ ఎప్పుడైనా లోపలి గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే విమానాన్ని పది వేల అడుగుల దాకా దించాలి. అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి తీసుకోవచ్చు. ప్రయాణికుల తలమీద నుంచి వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంట అటూ ఇటూ మాత్రమే వస్తుంది. టిబెట్ పీఠభూమిలో చాలాచోట్ల నేలే పద్నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది. దిగడానికి చోటేదీ? అందుకే విమానాలు వీలైనంత వరకు ఆ ప్రాంతాన్ని తప్పించుకుని తిరిగి పోతాయి.

రెండోది చలి. మనం కిరోసిన్ అనుకునే నూనెకు అన్నదమ్ములాంటిదే విమాన ఇంధనం. మన దగ్గర వాడే రకం మైనస్ 47 డిగ్రీల దగ్గర, అమెరికాలో ఎక్కువగా వాడే రకం మైనస్ 40 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ధ్రువం మీద పైన చలి అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. అందుకే ఆ దారిలో పైలట్లు ట్యాంకులోని ఇంధనం వేడిని కనిపెట్టుకుంటూ ఉంటారు. మరీ చల్లబడుతోందంటే కిందికి దిగడమో, వేగం పెంచడమో చేస్తారు.

మూడోది మనుషులు గీసుకున్న గీతలు. అమెరికా, రష్యాల మధ్య ప్రచ్ఛన్నయుద్ధం నడిచినన్నాళ్లూ ధ్రువం దాటి రష్యా మీదుగా ఆసియాకు దారే లేదు. అది ముగిశాక 1990ల చివర్లో ఆ దారులు మెల్లగా తెరుచుకున్నాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా దేశాల విమానాలకు రష్యా ఆకాశం మళ్లీ మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసినప్పుడు దిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు చుట్టూ తిరిగి, మధ్యలో ఐరోపాలో దిగి ఇంధనం నింపుకుని వెళ్లాల్సి వచ్చింది. రెండు దేశాలు కొట్టుకుంటే మూడో ఇంటివాడి ప్రయాణం ఆలస్యమవుతుందన్నమాట.

నాలుగోది, ఏదైనా జరిగితే దిగడానికి చోటు. 2023 జూన్‌లో దిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానం ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ అనే చిన్న ఊళ్లో దిగింది. అందులో 216 మంది ప్రయాణికులు. అంతమందికి సరిపడా హోటళ్లు అక్కడ లేవు. బడి గదుల్లో పరుపులు వేసి పడుకోబెట్టారు. ముంబయి నుంచి ఇంకో విమానం వెళ్లి వాళ్లను తీసుకెళ్లేదాకా, సుమారు రెండు రోజులు అక్కడే ఉన్నారు. పదహారు గంటల ప్రయాణమని బయల్దేరినవాళ్లకు అది ఎన్ని గంటల ప్రయాణం అయిందో చూడండి.

తొమ్మిది లారీల ఇంధనం

‘‘మరి మన హైదరాబాద్ నుంచి తిన్నగా విమానం వెయ్యొచ్చుగా’’ అని మీరు అడగొచ్చు. వెయ్యలేరని కాదు. ప్రపంచంలో అతి పొడవైన రెగ్యులర్ విమాన సర్వీసు సింగపూర్ - న్యూయార్క్. 15,300 కిలోమీటర్లకు పైనే. పద్దెనిమిది గంటలు దాటుతుంది. దాంతో పోలిస్తే హైదరాబాద్ - డాలస్ తక్కువే. 2021 జనవరిలో ఎయిరిండియా బెంగళూరు - శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మొదలుపెట్టినప్పుడు అటునుంచి వచ్చిన తొలి విమానాన్ని మొత్తం మహిళా పైలట్లే ధ్రువం మీదుగా నడిపి తీసుకొచ్చారు. పదిహేడు గంటలకు పైగా పట్టింది. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకు కూడా నేరుగా వారానికి ఒక విమానం వేశారు. మనవాళ్లు ఎంత సంబరపడ్డారో! అయితే అది ఎక్కువకాలం నడవలేదు.

ఎందుకంటే పొడవైన ప్రయాణానికి ఒక చిక్కుంది. పిడుగురాళ్ల వాళ్లకు దీన్ని లారీల లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికా వెళ్లే పెద్ద విమానాల్లో ఒకటి బోయింగ్ 777. అందులో పొడుగు రకానికి ఇంధనం నిండా పోస్తే 1,81,000 లీటర్లు పడుతుంది. బరువులో సుమారు 145 టన్నులు. లారీకి పదహారు టన్నుల సున్నం వేశామనుకుంటే తొమ్మిది లారీల బరువు! గంటకు ఏడెనిమిది టన్నులు ఖర్చవుతుంది. దూరం పెరిగేకొద్దీ ఇంధనం ఎక్కువ పొయ్యాలి. ఆ ఇంధనాన్ని మొయ్యడానికి ఇంకొంచెం ఇంధనం కావాలి. డీజిలు డ్రమ్ములతోనే లారీ నిండిపోతే ఇక సరుకు ఎక్కడ వేస్తాం? అందుకే మధ్యలో ఒకచోట ఆగి వెళ్లేవాటికే టిక్కెట్టు ధర తక్కువగా ఉంటుంది. మనవాళ్లలో ఎక్కువమంది దుబాయ్, దోహాల మీదుగానో, ఐరోపా మీదుగానో వెళ్లడం అలా అలవాటైంది.

ఆగితే దూరం బాగా పెరిగిపోతుందేమో అనుకుంటాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. అక్కణ్నుంచి డాలస్ 12,900. రెండూ కలిపితే 15,450. అంటే కాకి దారి కంటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. విమానానికి అది గంటా, గంటంబావు పని. అంతే!

వెళ్లేటప్పుడు ఒకటి... వచ్చేటప్పుడు ఒకటి

ఇంకో తమాషా ఉంది. దుబాయ్ నుంచి డాలస్ వెళ్లడానికి సుమారు పదహారు గంటలు పడితే, తిరిగి రావడానికి పద్నాలుగున్నర, పదిహేను గంటలు చాలు. దూరం ఒకటే, విమానం ఒకటే. మరి ఈ గంట తేడా ఎక్కడిది?

అది గాలి మహిమ. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి నదిలా పారుతుంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దాని ఉద్ధృతి ఇంకా ఎక్కువ. కృష్ణలో పడవ దిగువకు పోయేటప్పుడు తెడ్డు వేసే పని ఉండదు. ఎగువకు పోయేటప్పుడు చేతులు పడిపోతాయి. ఇదీ అంతే. అమెరికా వెళ్లేటప్పుడు ఏటికి ఎదురీత. ఇంటికొచ్చేటప్పుడు ఏటివాలు. ఆ పూట మా అన్నయ్యకు కలిసొచ్చింది అదొక్కటే.

గడియారంతో కూడా జాగ్రత్తగా ఉండాలి. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పట్నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తేడా పదిన్నర గంటలే. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి డాలస్‌లో ఎక్కినవాడు సోమవారం రాత్రి పావు తక్కువ తొమ్మిదికి హైదరాబాద్‌లో దిగాడనుకోండి. వేళ్లమీద లెక్కపెడితే దాదాపు ముప్పైమూడు గంటలు వస్తుంది. నిజానికి ప్రయాణం ఇరవయ్యొక్క గంటల పదిహేను నిమిషాలే. మిగతాదంతా గడియారాల మాయ. షామియానా కింద సగం తగాదా ఈ మాయ వల్లే.

కాటా చీటీ మీద లెక్క

సరే, చీటీ దగ్గరికి వద్దాం. దానిమీద నేను వేసిన లెక్క ఇది.

పెద్దమ్మ పోయింది ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి. అప్పుడు డాలస్‌లో శనివారం సాయంత్రం ఐదున్నర. ఆ రాత్రి విమానాల్లో సీటు దొరకలేదు. దొరికింది మర్నాడు మధ్యాహ్నం పన్నెండు గంటల విమానం. అంటే మన ఆదివారం రాత్రి పదకొండున్నర. కబురు తెలిసినప్పట్నుంచి విమానం కదిలేదాకా పద్దెనిమిదిన్నర గంటలు.

డాలస్ నుంచి గల్ఫ్‌లో ఆగేచోటుకు పద్నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలు. అక్కడ ఇంకో విమానం కోసం మూడు గంటలు. హైదరాబాద్‌కు మూడున్నర గంటలు. శంషాబాద్‌లో పాస్‌పోర్ట్ ముద్ర, సామాను... ఒక గంట. అక్కణ్నుంచి ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, చిట్యాల, నార్కట్‌పల్లి, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, దాచేపల్లి మీదుగా పిడుగురాళ్ల... రెండొందల కిలోమీటర్లు. నాలుగు గంటలు.

మొత్తం కూడితే 44 గంటల 45 నిమిషాలు. మంగళవారం తెల్లవారుజామున పావు తక్కువ రెండు.

కూడిక అయ్యాక చీటీని మళ్లీ చూశాను. ఒక సంగతి అప్పుడు తట్టింది. ఈ నలభై అయిదు గంటల్లో విమానం గాల్లో ఉండేది పద్దెనిమిది గంటలే. మిగతా ఇరవయ్యారున్నర గంటలూ నేల మీదే. టిక్కెట్టు కోసం, విమానం కోసం, ముద్ర కోసం, కారులో. రేపు డాలస్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం వేసినా మిగిలేది అయిదు గంటలు. అమెరికా దూరం అంటే మనం ఆకాశంలో చూస్తాం. ఎక్కువ భాగం ఉన్నది ఇక్కడే, కాళ్ల కింద.

పెదనాన్నకు చదివి వినిపించాను. కిలోమీటర్లూ రేఖాంశాలూ ఆయన పట్టించుకోలేదు. చివరి అంకె మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

‘‘అంటే ఇయ్యాల, రేపు. రెండ్రోజులు’’ అన్నాడు. కాసేపాగి, షామియానా కింద ఉన్నవాళ్లందరికీ వినిపించేలా అన్నాడు. ‘‘నా చిన్నప్పుడు మా నాయన బండిమీద సరుకేసుకుని గుంటూరు పోతే రెండ్రోజులు పట్టేది. మా నాయనమ్మ పోయిన రోజు ఆయన గుంటూర్లోనే ఉన్నాడు. అప్పుడు ఆగలా? ఇప్పుడూ ఆగుదాం. మావాడు గుంటూర్లో ఉన్నాడనుకోండి.’’

ఇక ఎవరూ మాట్లాడలేదు. అల్లుడి మాట ఎత్తినాయన లేచి వెళ్లి ఫ్రీజర్‌కు రెండో జనరేటర్ మాట్లాడొచ్చాడు. వీధిలో పొయ్యి సంగతి? పెదనాన్నే పిలిచి చెప్పాడు... ‘‘పిల్లలున్న ఇళ్లు. పొయ్యి ఎలిగించుకోండమ్మా. ఆమె ఏమీ అనుకోదు.’’

కొలతకు అందని దూరం

గుంటూరంత దగ్గరికి రావడానికి ఈ దూరానికి వందేళ్లు పట్టింది. 1920ల మొదట్లో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లింది ఓడలో. వారాల ప్రయాణం. భార్యను ఇక్కడే వదిలి వెళ్లాడు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందుల వెనక ఉన్న ఆ శాస్త్రవేత్త 1948లో న్యూయార్క్‌లోనే కన్నుమూశాడు. మధ్యలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఆ ఏడాదే ఎయిరిండియా తన మొదటి అంతర్జాతీయ విమానం వేసింది. బొంబాయి నుంచి లండన్‌కు. న్యూయార్క్‌కు విమానం వెళ్లింది 1960లో. మనవాళ్లకు శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది 2008లో. అమెరికా కాన్సులేట్ హైదరాబాద్‌లో తెరిచిందీ ఆ ఏడాదే. అంతకుముందు వీసా కావాలంటే చెన్నై రైలెక్కాల్సిందే.

ఇన్నాళ్లూ తగ్గుతూ వచ్చిన దూరం ఒక్కోసారి ఉన్నట్టుండి పెరిగిపోతుంది. 2020 మార్చిలో కరోనాతో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ఆ మే నెల నుంచి వందేభారత్ విమానాలు కొందర్ని తీసుకొచ్చాయి. మామూలు సర్వీసులు పూర్తిగా మొదలైంది మాత్రం 2022 మార్చి 27న. ఆ రెండేళ్లలో ఎంతమంది కొడుకులు, కూతుళ్లు తల్లిదండ్రుల చివరి చూపు ఫోన్ తెరమీద చూసుకున్నారో! అదే పద్నాలుగు వేల కిలోమీటర్లు. విమానాలూ ఉన్నాయి. దూరం మాత్రం సుబ్బారావు కాలం నాటిదైపోయింది.

విమానాలు ఎగురుతున్నా రాలేని వాళ్లున్నారు. అమెరికాలో పనిచేసుకోవడానికి అనుమతి ఒకటి, బయటికెళ్లి మళ్లీ లోపలికి రావడానికి పాస్‌పోర్ట్‌లో వీసా ముద్ర ఒకటి. అనుమతి ఉండి ముద్ర గడువు తీరినవాళ్లు అక్కడ ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. తల్లి పోయిందని వస్తే మాత్రం తిరిగి వెళ్లడానికి ఇక్కడ కాన్సులేట్‌లో ముద్ర వేయించుకోవాలి. 2025 సెప్టెంబరులో ఆ నిబంధనలు బిగిశాయి. కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిందీ ఆ నెలలోనే. ఆ డిసెంబరులో ముద్ర కోసం వచ్చిన చాలామంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. అక్కడ ఇంటి వాయిదాలు, పిల్లల బడి, ఉద్యోగం. ఇక్కడ ముద్ర కోసం ఎదురుచూపులు.

పెద్దమ్మ వాళ్ల వీధిలోనే ఇంకో ఇల్లుంది. ఆ ఇంటి పెద్దాయన అంతకు ముందు ఏడాది పోయాడు. కూతురు అమెరికాలోనే. నెలల గర్భిణి. ముద్ర గడువు తీరింది. వెళ్తే కాన్పుకు తిరిగి రాగలనో లేదోనని భర్త, డాక్టర్లు, లాయరు అందరితో మాట్లాడి రాలేనని చెప్పింది. ఆ అమ్మాయి టిక్కెట్టు కొనలేక కాదు. విమానం లేక కాదు. డాలస్ పిల్లవాడికి నలభై అయిదు గంటల దూరంలో ఉన్న ఊరు, ఆ అమ్మాయికి ఎన్ని గంటల దూరం? కాటా చీటీ మీద వేసే లెక్క కాదది. వాళ్లమ్మ మాత్రం ఎవరు అడిగినా ‘‘దూరం గదమ్మా, ఎట్టా వచ్చుద్ది?’’ అని ఒకే మాట చెప్పేది. కూతురి మీద మాట పడకుండా తప్పంతా దూరం మీదికి నెట్టేసింది.

అందుకే పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లకు ఒక చిన్న మాట. మనసుకు కష్టంగా ఉన్నా ఈ లెక్క ముందే ఒకసారి వేసి పెట్టుకోండి. పాస్‌పోర్ట్ గడువు ఎప్పటిదాకా ఉంది? వీసా ముద్ర ఉందా? అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే ఓసీఐ కార్డు చేతిలో ఉందా? అత్యవసరమైతే ఇంటర్వ్యూ తేదీ ముందుకు జరపమని కాన్సులేట్‌ను కోరే వీలుంది. దానికి ఏ కాగితాలు కావాలో తెలుసుకున్నారా? కబురు తెలిసిన మొదటి గంటలో వెతుక్కోవాల్సినవి కావు ఇవి. ‘రావడానికి కుదరకపోతే ఏం చేద్దాం’ అన్న మాట కూడా పెద్దవాళ్లు బాగున్నప్పుడే అనుకోవడం మంచిది. అప్పుడు రాలేకపోయినవాళ్లకు జీవితాంతం ఆ బరువు మొయ్యాల్సిన పని ఉండదు.

మంగళవారం

సోమవారం అంతా వీధి కుర్రాళ్లు పెదనాన్న పక్కన కూర్చుని ఫోన్‌లో విమానం బొమ్మ చూపిస్తూనే ఉన్నారు. పసుపు రంగు బుల్లి విమానం. నల్లసముద్రం దాటింది పెద్దయ్యా, ఇరాన్ వచ్చింది పెద్దయ్యా అని చెబుతుంటే ఆయన కళ్లజోడు సవరించుకుని చూసేవాడు. ‘‘కదలట్లేదేందిరా?’’ అనేవాడు. తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో వస్తోందని చెబితే నమ్మలేదు.

అన్నయ్య కారు వీధి మలుపు తిరిగేసరికి రెండుంబావు అయింది. మిర్యాలగూడ దగ్గర టీ కోసం కూడా ఆగలేదట. నా లెక్క అరగంట తప్పింది. పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లోపల చల్లగా ఉండటం వల్ల అద్దం మీద నీటి ఆవిరి పట్టింది. దాన్ని చేత్తో తుడిచి చూశాడు. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచాడు. తెల్లవారేదాకా అదే పని.

పదకొండో రోజు అయ్యాక వాడు తిరుగు ప్రయాణమయ్యాడు. ఈసారి ఏటికి ఎదురీత. గంటన్నర ఎక్కువ. వాణ్ని కారెక్కించి వచ్చాక పెదనాన్న నన్ను పిలిచాడు.

‘‘ఆరోజు లెక్కేసిన చీటీ ఉందా?’’

జేబులోనే ఉంది. ఇచ్చాను. మడతలు విప్పి, వెనకా ముందూ చూసి, గోడకున్న క్యాలెండర్ వెనక జాగ్రత్తగా పెట్టాడు.

‘‘ఉండనీ. మళ్లీ ఎవరో ఒకరు కూర్చుని లెక్కెయ్యాల్సిన పని లేకుండా...’’ అన్నాడు. ఆ తర్వాత కల్లం వైపు నడిచాడు. పన్నెండు రోజులుగా మిరపకాయలు అక్కడే ఉన్నాయి.